నలభై రెండు ఇళ్ల నంబరు

ఆ ఆదివారం నీలవేణి చేయాల్సిన పనులు, ఆఫీసు డైరీ చివరి పేజీలో ఆమె రాసుకున్న వరుసలోనే:

ఎల్లయ్య తాత పింఛను కాగితంలో పుట్టిన సంవత్సరం దిద్దించాలి.

సుగుణక్క గ్యాసు పుస్తకం ఆమె పేరు మీదికి మార్పించాలి.

కొత్త ఫ్యాన్లు నలభై రెండూ ఫోన్లో ఎక్కించాలి. ఓటీపీలు చూసుకోవాలి.

సాయంత్రం నీళ్ల ట్యాంకు దగ్గర అందరికీ చెప్పాలి, భయపడాల్సిందేమీ లేదని.

పిన్నిని దగ్గుకు డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి.

మొదటి నాలుగు పనులూ ఆ రోజే అయిపోయాయి. ఐదోది వచ్చే వారానికి జరిగింది. వచ్చే వారం మళ్లీ ఆ పైవారానికి జరిగింది. ఆ డైరీ ఇప్పటికీ నీలవేణి దగ్గర ఉంది. ఆ పేజీ తీసినప్పుడల్లా ఆమెకు ఏడుపు రాదు. పళ్లు పటపటా కొరకాలనిపిస్తుంది.

ఖమ్మం ఊరి చివర, గ్రానైటు పాలిష్ యూనిట్ల వెనక, రెండు వరుసల్లో నలభై రెండు రేకుల ఇళ్లున్నాయి. వాటిని లైన్లు అంటారు. అందరూ రాతిపని వాళ్లే. బండ కోయడమో, పలక మోయడమో, అంచు కొట్టడమో తప్ప వేరే పని ఎరగని ఆ ఇళ్లల్లో నుంచి ఇంజనీరింగు పాసైన మొదటి మనిషి నీలవేణి. తల్లి పోయింది. తండ్రి దగ్గీ దగ్గీ పోయాడు. క్షయ అని రాశారు ఆసుపత్రి వాళ్లు, ఎవరూ అడగలేదు. ఏడో తరగతి నుంచి పెంచింది పిన్ని తిరుపతమ్మ. భర్త క్వారీలో బండ కింద పడి పోయాక, పిల్లలు లేని తిరుపతమ్మకు అక్క కూతురే కూతురైంది.

లైన్లలో ఒక అలవాటుంది. ఏ ఆఫీసుకు పోయినా, ఏ ఫారం నింపినా, ఫోన్ నంబరు దగ్గర నీలవేణి నంబరే చెబుతారు. వాళ్లకు ఫోన్లు లేక కాదు. వాళ్ల ఫోన్లు రాతి బురదలో పడి చస్తాయి, రీచార్జి లేక నంబర్లు పోతాయి, నంబరు పోతే పింఛను ఆగుతుంది, రేషను ఆగుతుంది. నీలవేణి నంబరు మాత్రం కాలేజీలో చేరిన రోజు నుంచి మారలేదు. లైన్లలో పిల్లలకు రెండో ఎక్కం కంటే ముందు ఆ పది అంకెలు నోటికొస్తాయి. ఆమె క్లాసులో ఉన్నా, బస్సులో ఉన్నా ఫోను మోగుతుంది. "నీలా, వచ్చిందా?" అంటారు. వచ్చిన ఆరంకెలు ఆమె చదివి చెబుతుంది. అవతల ఏదో ఒక కౌంటరు ముందు ఒక ముసలమ్మ ఆ అంకెల్ని గట్టిగా అరిచి అప్పజెబుతుంది. బరువనుకోలేదు నీలవేణి ఎప్పుడూ. చదువుకున్నందుకు చేయాల్సిన పని అనుకుంది.

హైదరాబాదులో ఆమెకు దొరికిన ఉద్యోగం ఒక ప్రయోగశాలలో. ఇంట్లో వస్తువుల్ని క్లౌడుకు కలపడం వాళ్ల వ్యాపారం. కొత్త రకం ఫ్యాను తయారుచేశారు. గదిలో ఎంతమంది ఉన్నారో, ఎంత ఉక్కగా ఉందో తెలుసుకుని, వేగం తనే తగ్గించుకుని తనే పెంచుకుంటుంది, కరెంటు సగమే తాగుతుంది. పరీక్షకు ఒక కాలనీ కావాలన్నారు. నీలవేణి చెయ్యెత్తింది. ఖమ్మం ఎండలో, రేకుల కింద, ఇంటికో కొత్త ఫ్యాను ఉచితంగా వస్తుందంటే ఎత్తక ఏం చేస్తుంది?

అలా ఆ ఆదివారం నలభై రెండు ఫ్యాన్లూ ఆమె నంబరు మీదే ఎక్కాయి. నలభై రెండు ఓటీపీలు వచ్చాయి. నలభై రెండు సార్లు 'నేను అంగీకరిస్తున్నాను' అన్న గడిని ఆమె వేలే నొక్కింది.

సాయంత్రం ట్యాంకు దగ్గర అడగాల్సిన ప్రశ్న ఎల్లయ్య తాత ఒక్కడే అడిగాడు. ఫ్యాను లెక్కలన్నీ ఎక్కడికి పోతాయన్నాడు.

"క్లౌడులోకి తాతా. మబ్బు లాంటిదనుకో."

"మబ్బేందే? మబ్బుల్లో ఎవరు రాస్తరు?"

"నిజంగా మబ్బు కాదు. వేరే ఊళ్లో పెద్ద గోదాము ఉంటది. దాన్నిండా కంప్యూటర్లుంటాయి."

"మరి గోదామను. మబ్బంటవేంది? మబ్బుకు ఓనరుండడు. గోదాముకు ఉంటడు."

అందరూ నవ్వారు. నీలవేణి కూడా నవ్వింది. తాత చాదస్తం అనుకుంది. ఇంజనీరింగు నాలుగేళ్లలో ఏ పంతులూ అంత సూటిగా చెప్పలేదన్న సంగతి ఆమెకు మూడేళ్ల తర్వాత తెలిసింది.

ప్రయోగశాలలో ఆమెకిచ్చిన మొదటి పని చెత్త ఏరడం. ఫ్యాను మోటారు లాగే కరెంటు సాఫీగా ఉండదు, సన్నగా వణుకుతూ ఉంటుంది. ఆ వణుకును తీసేసి, శుభ్రమైన గీత మిగల్చాలి. అందరికంటే కొత్తది కాబట్టి ఆ పని ఆమెకు పడింది. ఒకరోజు పదిహేడో ఇంటి గీతలో వణుకు ఒక పద్ధతిలో కనబడింది. మూడు పొట్టివి, కాస్త ఆగి ఒక పొడుగుది. మళ్లీ మూడు పొట్టివి, ఒక పొడుగుది. తెల్లారుజామున ఎక్కువ.

నీలవేణి కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకుంది. ఏడో తరగతి నుంచి ఆ వరుస వింటూనే నిద్ర లేచింది ఆమె. పదిహేడో ఇల్లు వాళ్లదే.

లేచి వెళ్లి పరాంకుశం సారుతో చెప్పింది, అది చెత్త కాదని, దగ్గు అని. పరాంకుశం ప్రయోగశాల పెద్ద. మెత్తని మాట, నెరిసిన గడ్డం, ఎవరినీ కసరని మనిషి. ఎలా చెప్పగలవమ్మా అని అడిగాడు.

"అది మా పిన్ని సార్."

ఆ మధ్యాహ్నమే గదిలో ఒక ఫ్యాను వేలాడగట్టారు. నీలవేణిని దాని కింద నిలబడి దగ్గమన్నారు. దగ్గింది. తెర మీద గీత అదిరింది. మనిషి దగ్గినప్పుడు గాలి కదులుతుంది, గాలి కదిలితే రెక్క మీద వెంట్రుకవాసి బరువు పడుతుంది, ఆ బరువుకు మోటారు అంతే కొంచెం కరెంటు ఎక్కువ లాగుతుంది. ఫ్యానుకు చెవి పెట్టక్కర్లేదు, ఫ్యానే చెవి. తర్వాత ఒకరి తర్వాత ఒకరు వచ్చి దగ్గారు. ఎవరి దగ్గు వాళ్లదే, వేలిముద్ర లాగా. ఏడాది తిరిగేసరికి గురక, ఏడుపు, పోట్లాట అన్నీ విడివిడిగా తెలిసిపోయాయి. మాటలు మాత్రం ముద్దగానే వచ్చేవి.

అందరూ చప్పట్లు కొట్టారు. నీలవేణికి పెద్ద పదవి ఇచ్చారు. ఆమె అడిగింది ఒకటే. దగ్గు ముదరకముందే ఆ మనిషికి ఫోనులో కబురు వెళ్లేలా చేద్దాం సార్, మా నాన్నకు అలా చెప్పేవాళ్లు లేకపోయారు అంది. తప్పకుండా అన్నాడు పరాంకుశం. రెండో విడతలో పెడదామన్నాడు.

నలభై రెండు ఇళ్ల కబుర్లన్నీ వచ్చే ఆమె ఫోనుకు ఆ ఒక్క కబురు మాత్రం ఎన్నడూ రాలేదు.

ఈలోగా లైన్లలో ఒక వింత మొదలైంది. పాలిష్ యూనిట్లలో మనుషుల్ని ఆపేయడం కొత్త కాదు, కానీ ఎప్పుడూ గుంపుగా ఆపేవాళ్లు. ఇప్పుడు ఏరి ఏరి ఆపుతున్నారు. ప్రతి నెలా ఒకటో తారీకు మేస్త్రి ఒకరినో ఇద్దరినో పక్కకు పిలిచి, రేపటి నుంచి రావద్దంటున్నాడు. పని బాగాలేదా అంటే బాగుందంటాడు. మరెందుకంటే పైవాళ్ల మాట అంటాడు. ఆపేసిన మనిషి రెండు మూడు నెలల్లో మంచం పడుతున్నాడు. ఏడాదిలో ఆరుగురు అలా పడ్డారు. మేస్త్రి నోరు మంచిది కాదని కొందరన్నారు. దిష్టి తీయించుకున్నవాళ్లూ ఉన్నారు.

మార్చి ఒకటిన తిరుపతమ్మను ఆపారు.

ఇరవై రెండేళ్లుగా ఆమె పని అంచులు కొట్టడం. పలక నున్నగా పాలిషై వచ్చాక, పక్క అంచు కత్తిలా ఉంటుంది. చేతి మిషనుతో దాన్ని గుండ్రంగా అరగదీయాలి. మిషను మీద నీళ్లు పడుతూ ఉంటే పొడి లేవదు, పని మెల్లగా సాగుతుంది. నీళ్లు కట్టేస్తే పని రెండింతలవుతుంది, పొడి గుప్పుమని మొహాన కొడుతుంది. నీళ్ల పైపు ఎప్పుడు కట్టాలో ఎప్పుడు విప్పాలో యజమాని చేతిలో ఉంటుంది. తనిఖీ వాళ్లొచ్చే రోజు తప్ప విప్పింది లేదు. ఆమె ముక్కుకు కొంగు చుట్టుకునేది.

"నా రోగం సంగతి నాకంటే ముందు మేస్త్రికి తెలిసిందే నీలా," అంది తిరుపతమ్మ నవ్వుతూ. "నేను దగ్గుకు మిరియాలు నములుతున్నా. వాడు నా చీటీ చింపిండు."

అప్పుడు తీసుకుపోయింది నీలవేణి ఆసుపత్రికి. డైరీలోని ఐదో పని, మూడేళ్లు ఆలస్యంగా. ఛాతీకి ఎక్స్‌రే ఫోటో తీశారు. రాతిపొడి ఊపిరితిత్తుల్లో గడ్డకట్టిందన్నారు. మందు లేదు, ముదరకముందు పని మానేస్తే కొన్నేళ్లు బతికేది అన్నారు. కాగితం మీద వృత్తి అన్న గడి దగ్గర డాక్టరు కలం ఆపి, ఇప్పుడెక్కడ పనిచేస్తున్నావమ్మా అని అడిగింది. ఎక్కడా లేదంది తిరుపతమ్మ. 'గృహిణి' అని రాసింది డాక్టరు.

ఆ మాటలో ఏముందో నీలవేణికి మే నెలలో రాతిపని వాళ్ల యూనియను వకీలు చెప్పాడు. పనిలో ఉండగా రాతిపొడి జబ్బు బయటపడితే వైద్యం, పరిహారం, చివరిదాకా పోషణ యజమాని మెడకు చుట్టుకుంటాయి. బయటపడకముందే ఆపేస్తే ఆ మనిషికీ యజమానికీ సంబంధం లేదు. "పనిలో ఉన్నప్పుడే దగ్గు ఉందని చూపించే కాగితం ఏదైనా ఉందా?" అన్నాడు వకీలు. "ఒక్కటి చాలు."

నీలవేణి దగ్గర కాగితం లేదు. కాగితం కంటే గట్టిది ఉంది. మూడేళ్ల దగ్గు, రోజు, గంట, నిమిషంతో సహా గోదాములో ఉంది. పదిహేడో ఇల్లు. మూడు పొట్టివి, ఒక పొడుగుది.

సోమవారం ప్రయోగశాలకు పోగానే ఆ వివరాలు తీయబోయి, వాటి పక్కనే ఇంకొకటి చూసింది. 'శ్రామిక ఆరోగ్య సూచిక' అని ఒక పట్టిక. నెలకొకసారి తయారవుతుంది. ఒకటో తారీకు పదకొండు గ్రానైటు యూనిట్లకు వెళ్తుంది. ఇల్లు, మనిషి, దగ్గు తీరు, ఇంకెన్నాళ్లలో జబ్బు బయటపడవచ్చు. మార్చి పట్టికలో మూడో వరుస: ఇల్లు 17, స్త్రీ, వయసు నలభై ఎనిమిది, గడువు మూడు నెలలు. దాని కింద, వచ్చే జూన్ ఒకటికి తయారవుతున్న పట్టికలో లైన్ల నుంచి పంతొమ్మిది మంది ఉన్నారు.

ఆమె కుర్చీలోంచి లేచి పరాంకుశం గదిలోకి తలుపు తట్టకుండా వెళ్లింది. అలా వెళ్లడం అదే మొదటిసారి.

పరాంకుశం కంగారుపడలేదు. కూర్చోమన్నాడు. టీ తెప్పిస్తానన్నాడు. ప్రయోగశాల నడవాలంటే ఎవరో ఒకరు కొనాలి కదమ్మా అన్నాడు. యజమానులకు ముందే తెలిస్తే బరువు పని మాన్పించి తేలిక పని ఇస్తారన్నదే తన ఉద్దేశమన్నాడు.

"ఇచ్చారా సార్, ఒక్కరికైనా?"

పరాంకుశం టీ కోసం గంట నొక్కాడు.

"పదిహేడో ఇంటి స్త్రీ మా పిన్ని సార్. ఆ రోజు మీకు చెప్పాను. మీరూ చప్పట్లు కొట్టారు."

"అమ్మా, మనం చట్టం దాటలేదు. ఒప్పుకోలు ఉంది." తెర ఆమె వైపు తిప్పాడు. "నలభై రెండు ఇళ్లు, నూట అరవై మూడు మంది, ఒకే నంబరు. మిషను లెక్కలో అది ఒకే కుటుంబం. కుటుంబ పెద్ద ఒప్పుకుంటే అందరూ ఒప్పుకున్నట్టే. పెద్దవి నువ్వే. నలభై రెండు సార్లు ఒప్పుకున్నావు."

నీలవేణి ఆ తెర చూసింది. వరుసగా నలభై రెండు గడులు, నలభై రెండు టిక్కులు, పక్కన తన పది అంకెలు. చిన్నపిల్లలు ఎక్కంలా పాడే అంకెలు.

"నేను ఒప్పుకున్నది ఫ్యాన్లకు సార్. ఊపిరితిత్తులకు కాదు."

"అనుబంధ సేవలు అని ఉందమ్మా ఏడో పేజీలో."

ఆ ఏడో పేజీ ఆమె చదివిందే. నమ్మింది, అంతే. తన మీద నలభై రెండు ఇళ్ల వాళ్లు పెట్టుకున్న నమ్మకాన్నే ఆమె తీసుకుపోయి కంపెనీ మీద పెట్టింది.

తర్వాత ఆమె చేసిన పని, కోపం ముంచుకొచ్చినా పద్ధతి తప్పకూడదనుకునే మనిషి మాత్రమే చేసే పని. గోదాములోంచి పిన్ని వివరాలు ఆ క్షణమే ఒక తెల్లకాగితం మీదికి ఎక్కించుకోవచ్చు. చేతిలో కలం ఉంది, గంట సమయం ఉంది. కానీ అది దొంగతనమనిపించింది. బడిలో నేర్పినట్టు, పై అధికారికి అర్జీ రాసింది. గౌరవనీయులైన సార్ గారికి, మా పిన్ని దండుగుల తిరుపతమ్మ గారి వివరముల నకలు ఇప్పించవలసిందిగా విధేయతతో ప్రార్థిస్తున్నాను. కింద తేదీ, సంతకం.

నాలుగు గంటలకు జవాబొచ్చింది. నకలు ఇవ్వడానికి తొంభై పనిదినాలు పడుతుంది. నాలుగుంపావుకు ఆమె కార్డు గేటు దగ్గర ఎర్రదీపం చూపించింది, ఉద్యోగం పోయింది. లోపల కుర్చీకి వేలాడదీసిన చున్నీ కూడా తెచ్చుకోనివ్వలేదు. రైలెక్కాక, కిటికీ పక్కన కూర్చుని, తనను తాను తిట్టుకుంది. విధేయతతో అన్న మాట ఎవరు నేర్పారో వాళ్లనూ తిట్టింది.

ఆమెకు ఒకటే దారి మిగిలింది. నకలు కావాలంటే తొంభై రోజులు పట్టొచ్చు గానీ, చెరిపేయమంటే ఇరవై నాలుగు గంటల్లో చెరిపేయాలని చట్టం ఉంది. కుటుంబ పెద్ద అడిగితే చాలు, ఒక్క ఓటీపీ. కంపెనీ ఈ చట్టానికి ఎప్పుడూ భయపడలేదు, ఎందుకంటే అడిగేవాళ్లు లేరు. చెరిపేస్తే పంతొమ్మిది మంది పేర్లు జూన్ ఒకటి పట్టికలోకి ఎక్కవు. వాళ్లు పనిలో ఉంటారు, ఉండగానే ఫోటోలు తీయించుకోవచ్చు.

కానీ కుటుంబం ఒకటే కాబట్టి చెరిపితే అంతా చెరిగిపోతుంది. ఒక్క మనిషిని వదిలే వీల్లేదు. పిన్ని దగ్గు కూడా పోతుంది.

మే ముప్పయ్యో తారీకు సాయంత్రం లైన్లలో ఫ్యాన్లన్నీ ఆగిపోయాయి. కరెంటు పోలేదు. నీలవేణి ఇంటింటికీ పోయి ఆపించింది. రేకుల కింద నుంచి జనం చెమటలు కక్కుకుంటూ ట్యాంకు దగ్గరికి వచ్చారు. ఖమ్మంలో మే నెలలో ఫ్యాను ఆపి మాట్లాడుకోవాల్సి వచ్చిందంటే, ఆ మాట ఎంత పెద్దదో ఎవరికీ వివరించక్కర్లేదు.

నీలవేణి దాచకుండా చెప్పింది. తన వేలు నొక్కిన నలభై రెండు గడుల దగ్గర నుంచి చెప్పింది. మంచం పట్టిన ఆరుగురిలో ఇద్దరు అప్పటికే పోయారు. వాళ్ల ఆడవాళ్లు ఆ గుంపులోనే ఉన్నారు. సుగుణక్క ముందుకొచ్చి నీలవేణి మొహంలోకి చూసి, వెనక్కి తిరిగి వెళ్లి అరుగు మీద కూర్చుంది. సుగుణక్క భర్త పోయింది జనవరిలో. చెంపదెబ్బ కొడితే బాగుండేదనిపించింది నీలవేణికి.

ఎల్లయ్య తాత మాత్రం ఊరుకోలేదు. నిన్ను చదివించింది ఇందుకా అన్నాడు. నంబరు అడిగినోడికల్లా నీ నంబరు చెప్పినం, మా ఇంటి తాళం చెవి నీ కొంగుకు కట్టినట్టే కదే అన్నాడు. అని, తనే మెత్తబడి, తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు.

ఫ్యాన్లు పీకి కంపెనీ మొహాన కొడదామన్నారు కుర్రాళ్లు. పీకేస్తే రేపటి దగ్గు వినబడదు, మూడేళ్ల దగ్గు వాళ్ల దగ్గరే ఉంటుందంది నీలవేణి. అప్పుడు వాదన రెండుగా చీలింది. చెరిపేయమన్నవాళ్లు కొందరు. వద్దన్నవాళ్లే ఎక్కువ, అదీ పట్టికలో పేరున్న పంతొమ్మిది మందిలోనే ఎక్కువ. తిరుపతమ్మ కేసు గెలిస్తే లైన్లలో మొదటి కేసు గెలిచినట్టని, తొంభై రోజులు ఆగుదామని, పని పోతే పోయిందని అన్నారు. అన్నవాళ్లలో ఇద్దరు మాట మధ్యలో దగ్గారు.

తిరుపతమ్మ నులకమంచం మీద కూర్చుని వింటోంది. మూడుసార్లు పొట్టిగా, ఒకసారి పొడుగ్గా దగ్గి, చెయ్యెత్తింది.

"నా దగ్గు నాకు తిరిగొస్తదా, ఆ కాగితమొస్తే?"

తిరుపతమ్మ తనే తల అడ్డంగా ఊపింది.

"రాదు. వత్తే పైసలొత్తయి. పైసలు నేనెన్నాళ్లు తింట? డాక్టరమ్మ మొహం చూసిన నేను. మీరేమో ఇంకా అంచులు కొడతన్రు. పనిలో ఉండంగ ఫోటో తీయించుకోండ్రి. ఇరవై మంది కాగితాలు ఒక్కపారి పెడితే యజమాని ఎక్కడికి పోతడు?" నీలవేణి వైపు తిరిగింది. "చెరిపెయ్యే."

"పిన్నీ, ఇంకొక్కసారి ఆలోచించు. యూనిట్లకు పోయిన ఆ పట్టికలో తప్ప నువ్వు అక్కడ పనిచేసినట్టు ఇంకెక్కడా రుజువు లేదు. మేస్త్రి హాజరు పుస్తకం కూడా మార్చేశాడంట."

"రుజువు లేదా?" తిరుపతమ్మ రెండు అరచేతులూ తిప్పి చూపింది. రాయి అరిగించీ అరిగించీ ఆ చేతుల మీద గీతలే లేవు, వేలిముద్ర మిషను కూడా ఆమెను ఎన్నడూ గుర్తుపట్టలేదు. "ఇగో. ఇది చాలకపోతే పాయె. వాని గోదాములో నా ఊపిరి ఎందుకుండాలె? నాది నాకు కాకుంటే ఎవరికీ వద్దు."

నీలవేణి ఫోను తీసింది. తొలగించు అన్న గడి నొక్కింది. ఖాయమేనా అని అడిగింది ఫోను. నొక్కింది. మీరు కోల్పోయే సేవలు ఇవీ అని ఒక పెద్ద జాబితా చూపించింది. కిందికి జరిపింది. ఆరంకెలు వచ్చాయి. ఇన్నేళ్లలో వేల ఓటీపీలు చదివి చెప్పిన నోటికి ఆ ఆరు అంకెలు చదవడం చేతకాలేదు.

తిరుపతమ్మ చెయ్యి చాపి ఫోను లాక్కుంది. ఆమెకు అక్షరాలు రావు. పలకల మీద సుద్దతో కొలతలు రాసీ రాసీ అంకెలు వచ్చు. ఫోను దూరంగా పట్టుకుని, కళ్లు చికిలించి, కొలత చెప్పినట్టే గట్టిగా చెప్పింది.

"నాలుగు. సున్నా. ఏడు." ఆగి దగ్గింది. "ఏడు. రెండు." ఇంకోసారి, పొడుగ్గా. "తొమ్మిది."

ఒక్కో అంకె నీలవేణి వేలు నొక్కింది. కాసేపటికి సందేశం వచ్చింది. మీ కుటుంబంలోని 163 మంది సభ్యుల వివరాలు తొలగించబడుతున్నాయి. కుటుంబ పెద్దకు ధన్యవాదాలు.

ఆ మాట పైకి చదివితే ఎల్లయ్య తాత కిసుక్కున నవ్వాడు. మిషను అబద్ధం చెప్పలేదు లేవే అన్నాడు. ఆ తర్వాత కుర్రాళ్లు ఇళ్లల్లోకి పోయి ఫ్యాన్లు దించారు. సుగుణక్క కూడా లేచి వెళ్లి తన ఇంటి ఫ్యాను తనే దించుకొచ్చి, నీలవేణి కాళ్ల దగ్గర పెట్టింది.

జూన్ ఒకటిన పాలిష్ యూనిట్లకు వెళ్లిన పట్టికలో లైన్ల నుంచి ఒక్క పేరూ లేదు. పంతొమ్మిది మందీ పనిలోకి పోయారు. ఆ వారమే యూనియను వాళ్లు ఆసుపత్రి బండి తెప్పించి, పనిగేటు ముందే ఫోటోలు తీయించారు. పదకొండు మందికి రాతిపొడి జబ్బు ఉంది. పదకొండు కాగితాల మీదా, వృత్తి అన్న గడిలో, 'గ్రానైటు కార్మికులు' అని రాసి ఉంది. యజమాని పేరు కూడా ఉంది. కేసు నడుస్తోంది. యూనిట్లలో నీళ్ల పైపులు ఇప్పుడు తనిఖీ లేని రోజు కూడా విప్పి ఉంటున్నాయి.

తిరుపతమ్మ అర్జీ సెప్టెంబరులో కొట్టేశారు. ఆమె అక్కడ పనిచేసినట్టు ఆధారం లేదన్నారు. నవంబరు పదకొండున, తెల్లారుజామున, పదిహేడో ఇంట్లో దగ్గు ఆగిపోయింది. కొత్త ఫ్యాను లేదు కాబట్టి అది ఏ గోదాములోనూ ఎక్కలేదు. పక్కన పడుకున్న నీలవేణి ఒక్కతే విన్నది.

మరణ ధ్రువపత్రం కోసం నీలవేణి ఆఫీసుకు పోయింది. కౌంటరులోని మనిషి ఫోన్ నంబరు అడిగాడు, ఇచ్చింది. ఓటీపీ వచ్చింది, చెప్పింది. కాగితం చేతికొచ్చింది. వృత్తి: గృహిణి. దిద్దమని అడిగింది. ఆధారం ఉందా అన్నాడు. ఆమె కౌంటరు గట్టు మీద చెయ్యి వేసింది. నల్ల గ్రానైటు గట్టు, అంచు గుండ్రంగా, నున్నగా ఉంది. ఆ అంచు మీద వేలు పెట్టి ఇదిగో అంది. అతనికి అర్థం కాలేదు. తర్వాతి వాళ్లు రండి అన్నాడు.

కంపెనీ ఇప్పుడు వేరే ఊళ్లో ఉచితంగా ఫ్యాన్లు పంచుతోంది. నీలవేణి ఆ ఊళ్లకు పోయి ఏడో పేజీ చదివి వినిపిస్తోంది. లైన్లలో ఇంటికొకరి చేత సొంత నంబరు తీయించింది. మరిచిపోయి తన నంబరే చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్ల మీద ఆమె కసురుతుంది.

ఇది చదువుతున్నవాళ్ల వంటింట్లోనూ నల్లరాతి గట్టు ఉండవచ్చు. ఉంటే దాని అంచు మీద ఒకసారి వేలు నడపండి. ఎక్కడా గీసుకోదు. పొడి మింగుతూ ఎవరో దాన్ని అలా అరగదీశారు. ఆ మనిషి పేరు ఏ హాజరు పుస్తకంలోనూ లేదు, ఏ మబ్బులోనూ లేదు, ఉండవద్దని ఆమే చెరిపించుకుంది. అందుకని మిమ్మల్ని అడగాల్సి వస్తోంది. దండుగుల తిరుపతమ్మ, ఖమ్మం, పదిహేడో ఇల్లు, అంచులు కొట్టే మనిషి. ఆమెను గుర్తుపెట్టుకోండి.